పద్దెనిమిది మెట్లు

(అలియాబాద్‌లో పరిసర గ్రామాల మస్జిద్ కమిటీల సభ్యులు, విద్యాసంస్థల నిర్వాహకులు, కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ హాలుకు చేరుకోవడానికి ఎన్ని మెట్లు ఎక్కారో మీలో చాలామంది గమనించి ఉండరు. గమనించవలసిన అవసరం మీకు కలగలేదు. నిన్నటివరకు మేమూ గమనించలేదు. ఈ ఉదయం లెక్కపెట్టాం, పద్దెనిమిది.

లెక్కపెట్టడానికి కారణం ఉంది. ఈ సభకు మేము ఆహ్వానించిన ఒక పెద్దమనిషి ఇప్పుడు కింద గుమ్మం పక్కన కూర్చుని స్పీకరులో ఈ మాటలు వింటున్నారు. చిన్ననాడు పోలియో సోకి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలోనే ఆయన జీవితమంతా. మన యువకులు నలుగురు ముందుకు వచ్చి, “చాచా, కుర్చీతో సహా ఎత్తుకొని పైకి తీసుకెళ్తాం” అన్నారు. ఆయన చిరునవ్వుతో వద్దన్నారు. “బేటా, నన్ను మోస్తే మీకు సవాబ్ దక్కుతుంది. నాకు దక్కేది సిగ్గే” అన్నారు. జుమా నమాజుకు మస్జిద్‌కు రావడం కూడా ఇదే కారణంగా మానుకున్నానని ఆయన ఆ తరువాత చెప్పారు. ఎత్తేవాళ్లు లేక కాదు. అందరూ చూస్తుండగా ప్రతి శుక్రవారం నలుగురి చేతుల మీద మూటలా పోవడం ఇష్టం లేక.

వికలాంగుల హక్కుల గురించి మాట్లాడుకునే సభకు వికలాంగుడు రాలేని చోటును మేమే ఎంచుకున్నాం. అద్దె తక్కువ, ఫ్యాన్లు బాగున్నాయి, కార్లు నిలుపుకోవడానికి జాగా ఉంది. ఇన్ని చూసినవాళ్లం మెట్లు చూడలేదు. ఈ తప్పు మాదే. ఇవాళ చెప్పబోయేదంతా ఇలాంటి తప్పుల గురించే కాబట్టి ముందుగా దీనిని ఒప్పుకుంటున్నాం.

ఒక మాట స్పష్టం చేయాలి. ప్రభుత్వం కొన్నేళ్లుగా ‘దివ్యాంగులు’ అంటోంది. మేము ‘వికలాంగులు’ అనే అంటున్నాం. వికలాంగుల హక్కుల పోరాట సమితి వంటి ఉద్యమ సంఘాలు తమకు తాము పెట్టుకున్న పేరు అది. పేరులో దివ్యత్వం చేర్చి గుమ్మంలో మెట్టు తీయకపోతే ఆ గౌరవంతో వారికి ఒరిగేదేమీ లేదు.

రాజీవ్ రహదారి మీద రాకపోకలు సాగించే మనకు శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తెలిసినదే. బోర్డు చూసి ముందుకు సాగిపోతుంటాం. కాని భవనాల విషయంలో ఈ దేశంలోని వికలాంగులకు ఇటీవల లభించిన పెద్ద తీర్పులలో ఒకదానికి ఆధారమైన నివేదిక ఆ ప్రాంగణం నుండే వెలువడింది. కంటిచూపు లేని రాజీవ్ రాతూరి 2005లో సుప్రీంకోర్టులో ఒక ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. రోడ్లు, రైళ్లు, భవనాలు తనవంటివారికి అందుబాటులో ఉండాలన్నది ఆయన కోరిక. 2017 డిసెంబరు 15న కోర్టు ప్రభుత్వాలకు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. అవి అమలు కాలేదు. అప్పుడు, 2023లో, పరిస్థితిని పరిశీలించి నివేదిక ఇవ్వవలసిందిగా నల్సార్‌లోని వికలాంగుల అధ్యయన కేంద్రాన్ని కోర్టు కోరింది. ‘ఫైండింగ్ సైజెస్ ఫర్ ఆల్’ అన్నది ఆ నివేదిక పేరు. అందరికీ సరిపడే కొలతలు వెతకడం అని దాని భావం. 2024 నవంబరు 8న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఆ నివేదిక మీద ఎంతగానో ఆధారపడింది.

ఆ తీర్పులోని సారాంశం మనవాళ్లకు చాలా తేలికగా అర్థమవుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం భవనాల విషయంలో ‘పాటించాలి’ అని శాసించింది. ఆ చట్టం కింద 2017లో చేసిన నిబంధనలలో పదిహేనవది మాత్రం ఎన్నో మార్గదర్శకాల జాబితాను చూపించి ఊరుకుంది. ఆ మార్గదర్శకాలలో అధికభాగం ‘పాటిస్తే మంచిది’ అన్న ధోరణిలో ఉన్నాయి. మన పరిభాషలో చెప్పాలంటే ఫర్జ్‌ను ముస్తహబ్‌గా మార్చివేశారు. ఆ నిబంధన చట్టానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. ఎవరూ తప్పించుకోలేని కనీస నియమాలను వేరుచేసి, మూడు నెలల్లో తప్పనిసరి నిబంధనలుగా రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. సుగమ్యత అంచెలంచెలుగా సాధించుకోవలసినదే కావచ్చు. అయినా అంతకన్నా కిందికి దిగకూడని ఒక మెట్టు ఉండి తీరాలన్నది దాని తర్కం.

చట్టం ఎవరికి వర్తిస్తుంది? ఇక్కడే మనలో చాలామంది పొరబడుతున్నారు. కలెక్టరు కార్యాలయానికి, రైల్వే స్టేషనుకు వర్తిస్తుంది గాని మనకెక్కడిది అనుకుంటారు. చట్టంలో ‘ప్రజా భవనం’ అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవండి. ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా ప్రజలు వచ్చిపోయే ప్రతి భవనమూ అందులోకి వస్తుంది. విద్య, ఉద్యోగం, వ్యాపారం, వైద్యం, వినోదం, వాటి సరసనే మతపరమైన కార్యకలాపాలు కూడా పేర్కొన్నారు. అంటే మస్జిద్, గుడి, చర్చి, గురుద్వారా. అంటే షాదీఖానా, మదర్సా, మన ట్రస్టులు నడిపే పాఠశాలలు, ఆస్పత్రులు. న్యాయస్థానాలూ నిర్బంధ గృహాలూ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఈ సందర్భంలో ఆచార్య జి.ఎన్. సాయిబాబాను తలచుకోకుండా ఉండలేం. తొంభై శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉన్న మన తెలుగు అధ్యాపకుడు నాగపూర్ జైలులో ఏళ్ల తరబడి గడిపి, 2024 మార్చిలో నిర్దోషిగా బయటికి వచ్చి, అదే ఏడాది అక్టోబరు 12న హైదరాబాదులో కన్నుమూశారు. ఎవరి కొలతలతో కట్టారో ఆ గోడలు చెబుతాయి.

అప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నిటినీ నిబంధనలు వెలువడిన అయిదేళ్లలోగా అనువుగా మార్చాలని చట్టంలోని 45వ సెక్షన్ చెబుతోంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. ఆ లెక్కన గడువు 2022 జూన్‌తో తీరిపోయింది. మన భవనాలలో ఎన్ని ఆ గడువును గుర్తించాయో మన మనస్సాక్షికి తెలుసు.

చట్టాన్ని పక్కనపెట్టి ఒక విషయం ఆలోచిద్దాం. మైనారిటీలుగా మనం ఈ దేశంలో అడుగుతున్నదేమిటి? శుక్రవారం మధ్యాహ్నం జుమాకు ఒక గంట అనుమతించమని. హిజాబుతో వచ్చిన అమ్మాయిని పరీక్ష హాలు గుమ్మంలో ఆపవద్దని. పండుగనాడు పరీక్ష పెట్టవద్దని. ఇవన్నీ సర్దుబాట్లే. జవాబుగా మనకు తరచుగా వినిపించే మాట ఏమిటి? “నియమం అందరికీ ఒక్కటే, మీకోసం ప్రత్యేకంగా మార్చలేం.” ఆ మాట విన్నప్పుడు మనకు కలిగే బాధ మనకు తెలుసు. ఎవరినో ఒకరిని మనసులో పెట్టుకొని చేసిన నియమాన్ని అందరి నియమమని పిలుస్తున్నారని మనం వాదిస్తాం. వాదన సరైనదే. మరి మన మస్జిద్ మెట్ల దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి మనం చెబుతున్నదేమిటి? మెట్లు అందరికీ ఒక్కటే! రెండు కాళ్లున్నవాణ్ణి మనసులో పెట్టుకొని కట్టిన మెట్లను అందరి మెట్లని మనమూ అంటున్నాం. బయట ఒక న్యాయం, మన గుమ్మంలో మరొక న్యాయం చెల్లదు.

చట్టంలో ఈ విషయమై రెండు మాటలున్నాయి. ఒకటి సుగమ్యత. ఎవరు వస్తారో తెలియకముందే, అందరూ రాగలిగేలా ముందే కట్టిపెట్టడం. రెండవది సహేతుకమైన సర్దుబాటు. ఒక మనిషి వచ్చి తన అవసరం చెప్పిన తరువాత, ఆ మనిషికి తగినట్టు చేసిపెట్టడం. మొదటిది ఉన్నచోట రెండవది అడగవలసిన అవసరం తగ్గుతుంది. అడగడంలో ఉన్న కష్టం మనకు చెప్పాలా!

ఇక ధర్మం విషయం. మన ఉలమా ఎంతో చెప్పారు కాబట్టి మేము క్లుప్తంగా ముగిస్తాం. అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ఖురైష్ పెద్దలతో సంభాషణలో ఉన్న సమయంలో ఆయన రాగా దైవప్రవక్త (స) ముఖం తిప్పుకున్న సందర్భమే ‘అబస’ సూరా అవతరణకు నేపథ్యమని మనం చిన్నప్పటి నుండి చదువుకున్నాం. ఆ తరువాత సంగతిని మాత్రం అంతగా చెప్పుకోం. అదే అంధుడు మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ముఅజ్జిన్ అయ్యారు. ప్రవక్త (స) మదీనా విడిచి వెళ్లిన పలు సందర్భాలలో ఆయన స్థానంలో నగర బాధ్యతలు చూసుకున్నారు. ఆయనకు దక్కింది ఒక పదవి, ఒక బాధ్యత. దయతో విసిరిన నాణెం కాదు. హజ్, ఉమ్రా చేసి వచ్చినవారు ఇంకొకటి చూసి ఉంటారు. సఫా, మర్వాల నడుమ సయీ చేసే దారి మధ్యలో చక్రాల కుర్చీల కోసం ప్రత్యేకమైన వరుసలున్నాయి. అక్కడ చూసి ‘మాషా అల్లాహ్’ అన్నవాళ్లమే ఇక్కడికి వచ్చి మన వీధి మస్జిద్‌కు నాలుగో మెట్టు కట్టిస్తున్నాం.

సరే, ఏం చేయాలి? కొలతల దగ్గరికి వద్దాం. ర్యాంపు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది ఇంటి ముందు బైకు ఎక్కించుకోవడానికి పోసే సిమెంటు వాలు. రెండడుగుల ఎత్తుకు మూడడుగుల పొడవు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు. ఎక్కినా వెనక్కి బోర్లాపడుతుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఒక అంగుళం ఎత్తుకు కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. అంటే ఆరంగుళాల మెట్లు మూడు ఉన్న మస్జిద్ గుమ్మానికి పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. నేరుగా అంత జాగా లేకపోతే గోడ వెంట మలుపు తిప్పుకోవచ్చు. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును విడిచిపెట్టాలి. రెండు వైపులా పట్టుకోవడానికి కమ్మీలు, రెండున్నర నుండి మూడడుగుల ఎత్తు మధ్య. నున్నటి గ్రానైటు వద్దు. వాన పడినరోజు అది వికలాంగుణ్ణే కాదు, ఇమాము సాహెబును కూడా పడేస్తుంది.

ఈ లెక్కను ఈ హాలుకు వేసి చూడండి. పద్దెనిమిది మెట్లంటే తొమ్మిదడుగుల ఎత్తు. ర్యాంపు నూట ఎనిమిది అడుగులు, మధ్య మధ్య చదునులు అదనం. కట్టలేం. లిఫ్టు పెట్టాలి, లేదా సభను కింద పెట్టుకోవాలి. రెండవదానికి రూపాయి ఖర్చు లేదు. సుగమ్యత అంటే అంతా కట్టడమేనని, డబ్బుతోనే అవుతుందని అనుకుంటాం. అందులో సగం నిర్వహణే. ఏ పని ఏ అంతస్తులో పెట్టాలన్న నిర్ణయమే.

మస్జిద్‌లో ర్యాంపు తరువాత వచ్చేది తలుపు. కనీసం మూడడుగుల ఖాళీ వెడల్పు ఉండాలి. కింద గడప అర అంగుళానికి మించకూడదు. ఆ తరువాత వుజూఖానా. మనం కట్టే తిన్నెలు అడుగెత్తున ఉంటాయి, నల్లాలు మోకాళ్ల కిందికి ఉంటాయి. చక్రాల కుర్చీలో ఉన్నవారికి చేతులు అందవు. మోకాళ్లు అరిగిపోయిన వృద్ధుడు కూర్చుంటే లేవలేడు. వరుసలో ఒక్క నల్లా ఎత్తుగా, కింద మోకాళ్లు పట్టేంత ఖాళీ ఉన్న బేసిన్‌తో, పక్కన కాళ్లు కడుక్కోవడానికి చేతి షవరుతో పెడితే చాలు. పిడికిలితో తిప్పనక్కర లేకుండా పైకి కిందికి నొక్కే నల్లా అయితే మరీ మంచిది. మరుగుదొడ్డిలో ఒకటి కమోడ్‌తో, రెండు పక్కలా గట్టి కమ్మీలతో, బయటికి తెరుచుకునే తలుపుతో ఉండాలి. లోపల కుర్చీ తిరగాలి. నీళ్ల పైపు కూర్చున్న మనిషి చేతికి అందాలి. ఇవేమీ ఇంజనీరింగ్ అద్భుతాలు కావు. మన మేస్త్రీలు రెండు రోజుల్లో చేసే పని.

చక్రాలు నాపాక్ కదా, జానమాజ్ మీదికి ఎలా అని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనదే. మస్లా గురించి ఉలమాను అడగండి. ఆచరణలో దారి ఉంది. మస్జిద్ లోపల వాడడానికే ఒక కుర్చీ విడిగా ఉంచితే, చెప్పులు విడిచినట్టే గుమ్మం దగ్గర బయటి కుర్చీ నుండి దానిలోకి మారవచ్చు. మారలేనివారి కోసం చక్రాలకు గుడ్డ తొడుగులు ఉంచవచ్చు. ఈ ప్రశ్నను అడ్డుగోడగా వాడుకొని మనిషిని బయట నిలబెట్టడం మాత్రం సబబు కాదు.

స్త్రీల విషయం ఎక్కడా ఎవరూ ఎత్తరు కాబట్టి మేము ఎత్తుతున్నాం. మన మస్జిదులలో స్త్రీలకు చోటే తక్కువ. ఉన్నచోట అది తరచుగా మేడ మీదే ఉంటుంది. ఇరుకైన మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉండదు. రంజాన్‌లో తరావీహ్‌కు వచ్చే ఖాలాలు, నానీలు మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కడం మనం చూడం, ఎందుకంటే ఆ దారి మనది కాదు. ఇక వికలాంగురాలైన స్త్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమెను నలుగురు యువకులు ఎత్తుకెళ్తామని అనడం కూడా కుదరదు కదా!

వినికిడి లేనివారిని మనం పూర్తిగా మరచిపోయాం. ఖుత్బా సారాన్ని ముందుగా రాసి ఫోన్లకు పంపవచ్చు. సైగల భాష తెలిసినవారు దొరికితే ముందు వరుసలో కనిపించేలా నిలబెట్టవచ్చు. చూపు లేనివారికి కావలసినది ఇంకా తక్కువ: దారి మధ్యలో ఏమీ పెట్టకపోవడం. శుక్రవారం మస్జిద్ వాకిలిలో బైకులు ఎలా నిలుపుతామో గుర్తుచేసుకోండి. ర్యాంపు ఉన్న కొన్నిచోట్ల దాని అడుగునే బైకులు నిలుపుతున్నారు. వికలాంగుల మరుగుదొడ్డి ఉన్నచోట దానికి తాళం. తీసి చూస్తే చీపుర్లు, బకెట్లు, దావత్ డేగ్‌లు. కట్టిన తరువాత కాపాడేవాడు లేకపోతే ర్యాంపు కూడా సామాను గది అవుతుంది. ప్రతి కమిటీలో ఒకరికి ఈ బాధ్యతను పేరు పెట్టి అప్పగించాలి. వీలైతే ఆ ఒకరు వికలాంగులే కావాలి. ఎక్కడ అడ్డుందో వారికి తెలిసినట్టు మనకు తెలియదు.

షాదీఖానాల గురించి ఒక్కమాట. వేదికకు మెట్లుంటాయి, దూల్హా, దుల్హన్ ఇద్దరూ నడవగలవారేనని ముందే తేల్చేసుకున్నాం. భోజనాలు పైనో, సెల్లారులోనో. కింద దస్తర్‌ఖాన్ పరిచిన చోట నేల మీద కూర్చోలేనివారికి పక్కన ఒక బల్ల వేయడం మనకు తోచదు. వారికి పళ్లెం ఒక మూలకు పంపిస్తాం. మర్యాదే అనుకుంటాం.

విద్యాసంస్థల విషయం ఇంకా గంభీరమైనది. రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి. మన బిడ్డల చదువుకు అవి చేసిన మేలు పెద్దది. వాటిలో అనేకం అద్దె భవనాలలో మొదలయ్యాయి. ఏ వ్యాపారం కోసమో కట్టిన మేడలో తరగతులు మూడో అంతస్తులో, పడకలు నాలుగో అంతస్తులో ఉంటే కాలు సరిగా లేని పిల్ల దరఖాస్తే పెట్టదు. పెట్టలేదు కాబట్టి అటువంటి పిల్లలు లేరని లెక్క తేలుతుంది. భవనాలు, ప్రాంగణాలు అనువుగా ఉంచడం ప్రభుత్వ విద్యాసంస్థలతో పాటు గుర్తింపు పొందిన ప్రైవేటు సంస్థల బాధ్యత కూడా అని 16వ సెక్షన్ చెబుతోంది. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే ర్యాంపు, కింది అంతస్తులో ఒక తరగతి, ఒక మరుగుదొడ్డి షరతుగా పెట్టించమని మనం అడగవచ్చు. మన సొంత పాఠశాలల్లో అయితే అడగనక్కరలేదు, చేయవచ్చు.

“ఎంతమంది వస్తారు, ఇద్దరి కోసం ఇంత ఖర్చా?” అనే ప్రశ్న మేము వెళ్లిన ప్రతిచోటా ఎదురైంది. 2011 జనగణన ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. తెలంగాణ ప్రాంతంలోనే పది లక్షలకు పైగా. అప్పటి లెక్కలో గుర్తించిన వైకల్యాలు తక్కువ. 2016 చట్టం ఇరవై ఒక్క రకాలను గుర్తించింది. మన బస్తీలలో ముప్పై దాటినవారిలో పోలియో బాధితులు ఇంకా ఉన్నారు. చుక్కల మందు మీద వదంతులను మనలో కొందరు నమ్మిన రోజులూ ఉన్నాయి. వాటి మూల్యం పిల్లలు చెల్లించారు. పైగా ఇవాళ ప్రతి మస్జిద్‌లో వెనుక వరుసలో కుర్చీల సంఖ్య పెరుగుతోంది. ఆ కుర్చీలలో కూర్చున్నది ఎవరు? నిన్న మెట్ల మీద పరుగెత్తిన మనమే. ఇద్దరే వస్తున్నారంటే దారి ఇద్దరికే ఉందని అర్థం. మీనారుకు, షాండిలియరుకు చందా అడిగితే పేర్లు రాయించుకోవడానికి పోటీ పడతాం. ర్యాంపుకు చందా అడిగి చూడండి.

ఇప్పుడు ఉద్యోగాల సంగతి. మన చుట్టూ ఉన్నది సామాన్యమైన ప్రాంతం కాదు. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ. ప్రపంచానికి టీకాలు పంపే ప్రయోగశాలలు, కంపెనీలు. మన పిల్లలు ఫార్మసీ, మైక్రోబయాలజీ చదివేది వాటిని చూసే. మాకు తెలిసిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం, పేర్లు అనవసరం. బి.ఫార్మసీలో మంచి మార్కులు. హిజాబు ధరిస్తుంది, చంకకర్రల సాయంతో నడుస్తుంది. ఒకచోట ఇంటర్వ్యూ రెండో అంతస్తులో పెట్టారు. ఆ రోజు లిఫ్టు పనిచేయలేదు. ఆమె మెట్లు ఎక్కి చేరేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యం. ఇద్దరు ముగ్గురు రెండు ప్రశ్నలడిగి పంపించారు. తనను కాదన్నది తన హిజాబును చూసా, చంకకర్రలను చూసా, ఆలస్యాన్ని చూసా అని ఆమెకు ఇప్పటికీ తెలియదు. మూడు కారణాలూ ఒకదాని చాటున ఒకటి దాక్కున్నాయి. ముస్లిం అయిన వికలాంగురాలి కథ మన హక్కుల సంఘాల సభలలో వినిపించదు, వికలాంగుల సంఘాల సభలలోనూ వినిపించదు. ఎవరి జాబితాలోనూ ఆమె పూర్తిగా ఇమడదు.

ఆమెకు చట్టం ఇచ్చిన ఆయుధాలు కొన్ని ఉన్నాయి. ప్రభుత్వ కొలువులలో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం రిజర్వేషన్ సంగతి చాలామందికి తెలుసు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలన్న నిబంధన తెలిసినవారు తక్కువ. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే వికలాంగులకు ఏ సదుపాయాలున్నాయో, ఏ ఉద్యోగాలు వారికి అనువైనవో, ఈ వ్యవహారం చూసే అధికారి ఎవరో ఆ విధానంలో రాయాలి. మన పిల్లలు దరఖాస్తు చేసేటప్పుడు ఆ పత్రం అడగవచ్చు. ఇంటర్వ్యూ కింది అంతస్తులో పెట్టమని ముందుగానే రాయవచ్చు. అడిగి తిరస్కరించబడితే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే పదివేల రూపాయల వరకు, మళ్లీ ఉల్లంఘిస్తే యాభై వేల నుండి అయిదు లక్షల వరకు జరిమానా ఉంది.

అయితే యజమానులు అన్నప్పుడు ఎదుటివారినే చూపిస్తే సరిపోదు. మనలోనూ యజమానులున్నారు. బేకరీలు, టైలరింగ్ కార్ఖానాలు, మెకానిక్ షెడ్లు, నర్సింగ్‌హోములు, పాఠశాలలు. ట్రస్టు, సొసైటీ కూడా చట్టం దృష్టిలో సంస్థలే. కుట్టుపని కూర్చుని చేసేదే. మెషీను ఫుట్ పెడల్‌కు బదులు చేతితో నడిపే మీట పెడితే కాళ్లు లేనివారు చేస్తారు. లెక్కలు, ఫోన్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు చూపు లేనివారు స్క్రీన్ చదివే సాఫ్ట్‌వేరుతో చేస్తున్నారు. వినికిడి లేని మనిషికి హారన్‌కు బదులు లైటు వెలిగే ఏర్పాటు చాలు. జకాత్ ఇవ్వడం మనకు తెలుసు. జీతం ఇవ్వడం కూడా నేర్చుకోవాలి. ఏటా రంజాన్‌లో వచ్చి చేయి చాచిన మనిషిలో పనిమంతుడు ఉన్నాడేమో అడిగి చూసినవాళ్లం ఎందరం?

ఈ ఉద్యమానికి దేశంలో ముఖమై నిలిచినవారిలో ఒకరు మన సముదాయంలోనివారే. జావేద్ అబిదీ 1965లో అలీగఢ్‌లో పుట్టారు. వెన్నెముక లోపంతో చక్రాల కుర్చీ వాడేవారు. 1995 నాటి తొలి చట్టం కోసం వికలాంగులను ఢిల్లీ వీధుల్లోకి తెచ్చినవారిలో ముందున్నారు. 2001 జనగణనలో వికలాంగులను లెక్కించేలా పోరాడారు. 1991లో వారిని లెక్కించనే లేదు. అదే 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మీనార్ వంటి కట్టడాల దగ్గర చెక్క ర్యాంపులు వేయించడం వెనుక ఉన్నది అబిదీ పట్టుదలే. శతాబ్దాల నాటి కట్టడానికి రాత్రికి రాత్రి దారి దొరికింది, వచ్చేవాడు గొప్పవాడు కాబట్టి. ఆ దారి మామూలు మనిషికి ఎందుకు ఉండకూడదన్నదే ఆయన ప్రశ్న. 2016 చట్టం వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు. 2018 మార్చిలో మరణించారు. మన పత్రికలలో, మన సభలలో ఆయన పేరు రావలసినంతగా రాలేదు. ముస్లిం నాయకుడిగా మనం ఆయనను గుర్తించలేదు. బహుశా ఆయన మన సమస్యల గురించి మాట్లాడడం లేదని అనుకున్నాం.

పంచాయతీగా ఉన్న అలియాబాద్ ఈమధ్యనే మున్సిపాలిటీ అయింది. కొత్త కార్యాలయాలు, వార్డులు, కమ్యూనిటీ హాళ్లు, మార్కెట్లు వస్తాయి. ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యమా అని ప్రైవేటు కట్టడాలూ లేస్తున్నాయి. నిబంధనలకు అనుగుణంగా లేని ప్లానుకు అనుమతి ఇవ్వరాదని, పూర్తయినట్టు ధ్రువపత్రం కూడా ఇవ్వరాదని 44వ సెక్షన్ అంటోంది. కట్టిన తరువాత పగలగొట్టడం కన్నా ప్లానులో గీత మార్చడం చవక. ప్లాన్లు ఆమోదించేటప్పుడు ర్యాంపు, తలుపు, మరుగుదొడ్డి కొలతలు చూడమని మున్సిపాలిటీకి మేము వినతిపత్రం ఇవ్వబోతున్నాం. దానిమీద మన మస్జిద్ కమిటీలతో పాటు గుడి, చర్చి కమిటీల సంతకాలు కూడా తీసుకోవాలని మా ఆలోచన. చక్రాల కుర్చీకి అడ్డుపడే మెట్టు ఏ మతానిదైనా ఒకే ఎత్తు. అయితే మన వాకిలి సరిచేసుకోకుండా ఆ సంతకాలు అడగడానికి వెళ్లే ముఖం మాకు లేదు.

అందువల్ల వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత టేపు, కాగితం పట్టుకొని మొదట ఈ బస్తీ మస్జిద్‌ను, తరువాత షాదీఖానాను కొలుద్దాం. ఒక మేస్త్రీ వస్తానన్నారు. సివిల్ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇద్దరు వస్తారు. చక్రాల కుర్చీలో ఒకరు, చూపు లేనివారు ఒకరు, మోకాళ్ల నొప్పులున్న ఖాలా ఒకరు ముందు నడుస్తారు. వారు ఎక్కడ ఆగితే అక్కడ కొలత రాసుకుంటాం. ఖర్చు ఎంతో ఆ రోజే తేలుతుంది. చందా పుస్తకం కూడా తెస్తున్నాం.

ఇక ప్రశ్నలు, చర్చ. కింద ఉన్న చాచా చాలాసేపటి నుండి వింటున్నారు. ఆయన చెప్పవలసినది మనం ఇంకా వినలేదు. మైకు, కుర్చీలు కిందికి దించమని పిల్లలకు చెప్పాం. దయచేసి అందరూ కిందికి రండి. మిగిలిన సభ అక్కడే.